ఎనిమిది సిలిండర్ల బండి

ముందు పోయినవి లెక్క వేసుకుంటాను. సీబ్‌లో అల్ ఖౌద్ వెళ్లే దారిలో ఒక రేకుల షెడ్డు. దాని వెనక నీళ్ల ట్యాంకు, ఆ నీడలో పడుకునే బూడిదరంగు పిల్లి. పక్కన మలబారు హోటల్లో పొద్దున్నే పరోటా పెనం మీద నూనె చిటపటలాడే చప్పుడు. రోడ్డు మలుపులో నాణేలు వేసి మాట్లాడే టెలిఫోను పెట్టె. ఇబ్రిలో ఒక పెద్ద వంటిల్లు. ఒకప్పుడు ఎర్రగా ఉండి, ఎండకు వెలిసి ఇటుకపొడి రంగుకు తిరిగిన రెండు తలుపుల అమెరికా బండి. సగం మాటలు మింగేసి నవ్వే మా డెంటింగ్ మామ. చివరికి నాయన. వస్తువులనూ మనుషులనూ ఒకే కూడికలో వేయకూడదని నాకు తెలుసు. నాకు లెక్కలు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, దుకాణాల గల్లాల దగ్గర నిలబడి నేర్చుకున్నాను. అందుకే ఇలాంటి కూడికలు వేస్తుంటాను. ఎటు నుంచి కూడినా మొత్తం మాత్రం తగ్గడం లేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, పోయిన వారం నేను లెక్కలు చూసే స్పేర్ పార్టుల దుకాణం ముందు ఒక యూనివర్సిటీ కుర్రాడు పాత బండి స్టార్టు చేయబోయాడు. ఇంజను ఢామ్మని పేలింది. దుకాణంలో అందరూ ఉలిక్కిపడ్డారు, నేనొక్కదాన్నీ నవ్వాను. సగం కూడిన వరస చెడిపోయింది. మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ చెడింది. లేచి బయటికి వెళ్లి ఆ బండి చుట్టూ తిరిగి వచ్చాను. కూర్చోలేకపోయాను. ఆ రోజు నుంచీ అంతే.

అలాంటి పేలుడు మొదట విన్నప్పటికి నాకు పదేళ్లు నిండలేదు. మాది కడప వైపు. నాయన, అమ్మ ఇద్దరూ ఈ అరబ్బు దేశానికొచ్చి ఒకే అర్బాబు దగ్గర పనికి కుదిరారు. అర్బాబు అంటే ఇక్కడ యజమాని. ఆయనకు సీబ్‌లో గ్యారేజీ, ఇబ్రిలో ఇల్లు ఉండేవి. నాయనది గ్యారేజీలో డ్యూటీ. అమ్మది ఇంట్లో వంట, దాంతోపాటు మంచాన పడిన అర్బాబు తల్లి సేవ. ఒకే దేశం, ఒకే యజమాని, మొగుడూ పెళ్లాల మధ్య రెండు వందల యాభై కిలోమీటర్లు. నేను ఊళ్లో అవ్వ దగ్గర పెరిగేదాన్ని. ఆ వేసవి సెలవులకు అర్బాబే విజిట్ వీసా తీయించి నన్ను పిలిపించాడు.

దిగింది నాయన దగ్గర. అమ్మను చూడడం మాత్రం షెడ్డు మూలన ఇసుక కప్పుకుని పడున్న ఆ అమెరికా బండి చేతిలో ఉండింది.

అది అర్బాబు పడుచువాడిగా ఉన్నప్పుడు కొన్నది. ముందు భాగం మంచమంత పొడుగు. లోపల ఎనిమిది సిలిండర్ల ఇంజను. కొన్నేళ్లుగా ఎవరూ ముట్టుకోలేదు. అర్బాబు నన్ను చూసి, నా తల నిమిరి, జేబులోంచి హల్వా ముక్క తీసిచ్చి, నాయనతో హిందీలో చెప్పాడు. గ్యారేజీకి ఉన్నది ఒక్క మెకానిక్కు, ఊరికే సెలవిస్తే పని ఆగిపోతుంది. డ్యూటీ అయ్యాక ఈ బండి బాగు చెయ్యి. నడిచిన రోజు నువ్వే ఇబ్రికి తోలుకుని రా, పాపను కూడా తీసుకుని రా. ముసలామెను వదిలి అమ్మ ఇటు రాలేదు. బండి నడిస్తే అమ్మ కనిపిస్తుంది, నడవకపోతే నా వీసా అయిపోయి నేను విమానమెక్కుతాను. నాకు అర్థమైన లెక్క అంతే, అది చాలా తేలిక లెక్క.

ఇక నాకు కుదురు లేదు. నాయన డ్యూటీ ముగిసేదాకా షెడ్డులో అటూ ఇటూ తిరిగేదాన్ని. పెట్రోలు వాసన, పుట్టీ వాసన, హోటలు వాళ్లు వేయించే ఉల్లిపాయ వాసన, గాలి సముద్రం వైపు నుంచి మళ్లితే ఎండుచేపల వాసన. పెయింటు డబ్బాల మూతలు వరసగా పేర్చి మళ్లీ చెరిపేదాన్ని. పిల్లి తోకకు ప్రైమరు రంగు పూశాను. అర్బాబు పంపిన ఖర్జూరాలు బండి ముందు సీట్లో కూర్చుని తిని, గింజలు కిటికీ అద్దం దిగే సందులో వేశాను. తరువాత నాయన తలుపు మూసినప్పుడల్లా లోపల గలగలమని మోత. పాపం, బోల్టు ఊడిందనుకుని తలుపు అట్ట మొత్తం విప్పాడు. గింజలు జలజలా కిందికి రాలాయి.

డెంటింగ్ మామ కడుపు పట్టుకుని నవ్వాడు. ఆయనది నిజామాబాద్ వైపు. సొట్టలు తీయడం, పుట్టీ పెట్టడం ఆయన పని. "అన్నా, నీ బిడ్డ బండ్లె తోట పెడ్తుంది. వచ్చే యాడాదికి తలుపు తెరిస్తే పండ్లే."

"నవ్వుప్పా, నవ్వు. ఆ అట్టకు క్లిప్పులు నువ్వు తెచ్చిస్తావా?" అన్నాడు నాయన, నా వైపు చూడకుండా. నాయనకు కోపమొస్తే ఎదుటివాళ్లను చూడడు, పానాలను చూస్తాడు.

ఆ పానాలతోనే మొదటి చిక్కు. గ్యారేజీలో ఉన్నవన్నీ జపాను బండ్లకు సరిపోయే మిల్లీమీటరు పానాలు. ఈ బండి బోల్టులు అంగుళాలవి. పదమూడో నంబరు పెడితే వదులు, పన్నెండు పెడితే ఎక్కదు.

"నాయనా, పన్నెండుకూ పదమూడుకూ మధ్య ఏముంటాది?"

"అమెరికా ఉంటాది" అన్నాడు నాయన.

అంగుళాల పానాలు పాత సామాన్లమ్మే చోట దొరికాయి. వాటి మీద అర, పావు, ముప్పావు, ఇంకా చిన్న ముక్కలు. నేను భిన్నాలు నేర్చుకున్నది పలక మీద కాదు, ఆ పానాలను పెద్దదాని నుంచి చిన్నదాని దాకా గుడ్డ మీద పేర్చి. నాయన బండి కిందినుంచి చెయ్యి చాచి "అరకు ఒక మెట్టు కింద" అనేవాడు, నేను అందించేదాన్ని. తప్పు ఇస్తే ఆ పానా చప్పుడు చేస్తూ బయటికి వచ్చేది. మొదట్లో చాలా వచ్చేవి. పోనుపోను తగ్గాయి.

అంకెలు కూడా అప్పుడే నేర్చుకున్నాను, అరబ్బీ అంకెలు. షెడ్డు ముందు ఆగే బండ్ల నంబరు పలకల మీద రెండు రకాలూ ఉండేవి. ఐదు మన సున్నాలా ఉంటుంది, సున్నా ఒట్టి చుక్క. ఏడు గరాటులా ఉంటే, ఎనిమిది బోర్లించిన గరాటు. "రాత కుడి నుంచి రాస్తారు గానీ పాపా, అంకెలు మాత్రం మన మాదిరే ఎడమ నుంచే" అని నాయన చెప్పాడు. పలకలు చూస్తే నిజమే. ఇరవై ఐదు అక్కడా ఇక్కడా అదే వరసలో ఉంది. నేను రోజంతా పలకలు చదువుతూ నాయన మాట సరిచూశాను. ఒక్కటీ తప్పలేదు.

అర్బాబు గురువారాలు వచ్చేవాడు. ఫ్లాస్కులో కహ్వా, అంటే ఇక్కడి కాఫీ, తెచ్చి, చిన్న గిన్నెల్లో అందరికీ పోసి, బండి చుట్టూ ఒకసారి తిరిగి అడిగేవాడు. "కబ్ ఖల్లాస్?" ఎప్పటికి పూర్తవుతుందని.

"బుక్రా అర్బాబ్, ఇన్షాల్లా" అనేవాడు నాయన.

ఆయన వెళ్లాక నేను మామను అడిగాను, ప్రతిసారీ నాయన అర్బాబుకు మేకను ఎందుకిస్తానంటాడని. హిందీలో మేకను బక్రా అంటారని అప్పటికి తెలుసుకున్నాను.

"బుక్రా అంటే మేక గాదు బిడ్డా, రేపు. అయినా నువ్వన్నదే నిజం. మీ నాయిన వారానికొక మేకను అప్పజెప్తుండు. ఇంకో నెలైతే మంద అయితది."

నాయనకు నవ్వు రాలేదు. నాకూ రాలేదు. వీసా తారీఖు దగ్గర పడుతోంది. శుక్రవారం శుక్రవారం టెలిఫోను పెట్టె దగ్గర అమ్మతో మాట్లాడేవాళ్లం. నాణేలు గుటుక్కుమని లోపలికి పడుతుంటే అమ్మ గొంతు తొందరపడేది. "తల దువ్వుకుంటాండావా? పరోటాలే తింటాండావా? ఎప్పుడొస్తారు?" మూడో ప్రశ్నకు నేను నాయన వైపు చూసేదాన్ని. నాయన రోడ్డు వైపు చూసేవాడు.

ఇంజను విప్పి, కడిగి, మళ్లీ బిగించడం పూర్తయ్యింది. మిగిలింది ప్లగ్గుల తీగలు. డిస్ట్రిబ్యూటరు మూత నుంచి ఎనిమిది తీగలు ఎనిమిది సిలిండర్లకు పోతాయి. ఏది ముందు మండాలి, ఏది తరువాత అన్న వరస ఒకటుంటుంది, ఆ వరస తప్పితే ఇంజను నడవదు. నాలుగు సిలిండర్ల వరస నాయనకు నిద్రలో అడిగినా వచ్చు. ఎనిమిదిది ఎప్పుడూ చేయలేదు. ఈ బండికి పుస్తకం లేదు. అర్బాబును అడిగితే ఆయన గర్వంగా నవ్వి, ఖర్జూరాల అట్టపెట్టె రెక్క చింపి, పెన్సిలుతో ఎనిమిది అంకెలు రాసిచ్చాడు. ఆయనకు ఆ వరస కంఠతా వచ్చు.

నాయన చదివాడు, నేను మళ్లీ చదివి సరేనన్నాను. రెండు, ఏడు, ఐదు, ఆరు, మూడు, నాలుగు, ఎనిమిది, ఒకటి. గుండ్రంగా తిరిగేదానికి ఎక్కడ మొదలుపెట్టినా ఒకటేనని నాయన ఒకటో తీగను దాని చోట్లో పెట్టి, దాని పక్కన రెండు, ఆ పక్కన ఏడు, అట్లా చుట్టూ పెట్టుకుంటూ పోయాడు. ఆ వరసను నేను పాటలా కట్టుకున్నాను. గెంతుతూ పాడేదాన్ని.

తాళం తిప్పాడు. ఇంజను మూలిగింది, ఊగింది, ఢామ్మని కార్బురేటరులోంచి మంట లేచింది. నాయన కుడి కనుబొమ్మ కాలిపోయింది. పిల్లి షెడ్డు దాటి పరుగెత్తింది, రెండు రోజులు కనిపించలేదు.

తరువాత రోజులు నాకు నచ్చని రోజులు. నాయన ప్లగ్గులు మార్చాడు. కార్బురేటరు విప్పి కిరసనాయిల్లో కడిగాడు. డిస్ట్రిబ్యూటరును ఇటు కొంచెం, అటు కొంచెం తిప్పాడు. ప్రతి సాయంత్రం తాళం, మూలుగు, ఢామ్. హోటలు వాళ్లు గ్లాసులు పట్టుకుని వచ్చి దూరంగా నిలబడేవాళ్లు. నాయన అన్నం ముందు కూర్చునేవాడు, రెండు ముద్దలు తిని లేచిపోయి మళ్లీ బానెట్ ఎత్తేవాడు. తీగల వరస మాత్రం ఎవరూ అనుమానించలేదు. అది రాసినవాడు బండి సొంతదారు, చదివింది ఇద్దరం.

"అన్నా, బస్సులనన్న పంపురాదు పోరిని" అన్నాడు మామ ఒకరోజు.

"ఒక్కదాన్నెట్ల పంపేది? నాకు సెలవు యాడిదీ? రొంత గమ్మునుండు" అన్నాడు నాయన.

చివరి శుక్రవారం వచ్చింది. ఆదివారం నా విమానం. టెలిఫోను దగ్గర నాయన నాణేలు నా చేతిలో పోసి దూరంగా పోయి నిలబడ్డాడు.  నేను నా పాట పాడాను. రెండు, ఏడు, ఐదు, ఆరు.

"అదేం పాటే?"

"బండి పాట. అర్బాబు రాసిచ్చినాడు. అట్లనే తీగలు పెట్టినాము. పేల్తాది, నడవదు."

"అరబ్బీలో రాసిచ్చినాడా? మీరు ఏ పక్క నుంచి చదివినారు?"

"ఎడమ నుంచి. అంకెలు ఎడమ నుంచే గదా."

 ఒక నాణెం గుటుక్కుమంది. తరువాత అమ్మ నవ్వింది. అంత దూరంలో ఉండి అంత గట్టిగా నవ్వడం నేనెప్పుడూ వినలేదు. "ఓసి నా తల్లీ! నేనూ అట్లే చదివి చచ్చినా. ముసలామెకు మాత్రలు రాసిచ్చింది మా మేడమ్, మూడు, ఒకటి, రెండు అని. నేను ఎడమ పక్క నుంచి చదివి పొద్దున రెండిచ్చి, రాత్రికి మూడు మింగించినా. అవి ఒంట్లో నీరు తీసే మాత్రలంట. రాత్రి తెల్లార్లూ ఆమెను బాత్రూముకు మోసినా. మేడమ్ నన్ను కొట్టలా అంతే. ఒక అంకె అయితే ఎడమ నుంచే. వరసగా రాస్తే కుడి నుంచే మొదలు. పో, మీ నాయనకు చెప్పుపో."

నేను రిసీవరు వేలాడేసి పరుగెత్తాను. మిగిలిన నాణేలు దారిలో ఎక్కడ పడ్డాయో ఇప్పటికీ తెలియదు.

నాయన విని అట్టముక్కను చేతిలోకి తీసుకున్నాడు. కుడి చివర వేలు పెట్టాడు. ఒకటి, ఎనిమిది, నాలుగు, మూడు, ఆరు, ఐదు, ఏడు, రెండు. వేలు ఎడమ చివరకు చేరేసరికి చెవులదాకా ఎర్రబడ్డాడు. "ఇన్నేండ్లుండి" అన్నాడు, అంతే. పెద్దయ్యాక వేసి చూశాను. ఒకటి కాక, రెండు వరసల్లోనూ ఒకే చోట పడేది ఆరు మాత్రమే. ఎనిమిదింటిలో రెండు సరైన చోట ఉండి, ఆరు తప్పు చోట ఉంటే ఆ ఇంజను పేలక ఏం చేస్తుంది.

తీగలు మార్చాడు. నేను ఈసారి కుడి నుంచి చదివాను, మామ గట్టిగా తిరిగి చెప్పాడు. తాళం తిప్పాడు. ఒక్క మూలుగు, తరువాత గర్జన. రేకులు అదిరాయి, పెయింటు డబ్బాల మూతలు కింద దొర్లాయి. మామ తువ్వాలు తలమీద తిప్పుతూ గెంతాడు. "వదినమ్మ ఫోన్ల బండి రిపేరు చేసింది! అన్నా, నీ డ్యూటీ ఆమెకిచ్చి నువ్వు పోయి వంట చెయ్యి!" నాయన రెండు చేతులూ బానెట్ మీద ఆనించి ఆ వణుకును అరచేతులతో వింటూ నిలబడ్డాడు.

మర్నాడు తెల్లవారకముందే బయలుదేరాం. రంగు ఇంకా వేయలేదు. ఎడమ తలుపుకు గడియ లేక తాడు కట్టాం. బండి మీటరు మైళ్లలో ఉంటే రోడ్డు బోర్డులు కిలోమీటర్లలో ఉన్నాయి. నేను ఐదు మైళ్లకు ఎనిమిది కిలోమీటర్లని మారుస్తూ, మిగిలింది తీసివేస్తూ కూర్చున్నాను. కాలు ఊపొద్దని నాయన రెండుసార్లు కసిరాడు. కొండలు అటూ ఇటూ నల్లగా లేచాయి. నిజ్వాలో టీ తాగాం. బహ్లా దాటాం. ఎండ ఎక్కే కొద్దీ నాయన కళ్లు రోడ్డు వదిలి వేడి చూపే ముల్లు మీదే నిలిచాయి.

ముల్లు ఎర్రగీత తాకింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. నాయన బండిని పక్కకు తీశాడు. రేడియేటరు కింది భాగం చీలిపోయింది. తెచ్చుకున్న రెండు డబ్బాల నీళ్లూ పోస్తే రెండూ ఇసుకలోకి పోయాయి. ఎదురుగా పసుపు పచ్చ బోర్డు మీద ఇబ్రి అని, దాని కింద అరవై నాలుగు అని.

నీడ లేదు. నాయన బండి చుట్టూ తిరిగాడు. నేను బోర్డు దాకా నడిచి వెనక్కి వచ్చాను, మళ్లీ నడిచాను. మధ్యాహ్నం దాటితే ఇక అమ్మ దగ్గరికి వెళ్లి తిరిగి రాలేమని ఇద్దరికీ తెలుసు. నాయన తన జీవితంలో బానెట్ ఎత్తిన బండిని వదిలి భోజనానికి కూడా పోయినవాడు కాదు. పైగా అది అర్బాబు ప్రాణం. తలుపుకు తాళం కూడా లేదు.

ఒక నీళ్ల ట్యాంకరు ఆగింది. నడిపే పఠాను తల బయటికి పెట్టి, ఇబ్రికే పోతున్నానన్నాడు. నాయన బానెట్ దించాడు. తాళంచెవి సీటు మీద పెట్టాడు. నన్ను ఎత్తి ట్యాంకరు మెట్టు మీద నిలబెట్టాడు.

"నాయనా, బండో?"

"అది యాడికీ పోదులే పాపా. నువ్వు పోతావు" అన్నాడు.

గేటు దగ్గర అమ్మ పొద్దున్నుంచీ నిలబడి ఉంది. ఒంటినిండా లోబాన్ సాంబ్రాణి పొగ వాసన, వేళ్లకు ఉల్లిపాయ వాసన. నన్ను దగ్గరికి లాక్కుని, నా తల మీదుగా రోడ్డంతా వెతికి, "ఏదీ బండి?" అంది. నాయన చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు. ఊరి నుంచి దాచిన రాగిపిండితో అమ్మ సంకటి చేసి, చెనిక్కాయల ఊరిబిండి నూరింది. పెద్ద వంటింట్లో కింద కూర్చుని ముగ్గురం తిన్నాం. ఆ పూట నాకు కాలు ఊపాలనిపించలేదు. సాయంత్రం అర్బాబు తన పికప్పులో మమ్మల్ని సీబ్‌కు పంపాడు. బండిని రోడ్డు మీద వదిలినందుకు నాయనను ఒక్క మాట అనలేదు. అమ్మ మాత్రం గేటు పట్టుకుని, "పాట మరిచిపోవాకు" అంది.

బండిని తరువాత లారీ మీదికెక్కించి ఇబ్రికి చేర్చారు. రేడియేటరు వచ్చేలోపే అర్బాబు కొడుకు దాన్ని ఎవరికో అమ్మేశాడు. అమ్మ ఆ బండిలో కూర్చోనే లేదు. ఊళ్లో మళ్లీ ముగ్గురం ఒక చోట చేరాక ఆమె ఏ పని మీదైనా నాయనను ఎత్తిపొడవాలంటే, బండి ఇబ్రిదాకా నడవలేదన్న మాటే తీసేది.

"లారీ మీద పోయింది గదే" అనేవాడు నాయన.

"లారీ మీద పోతే నడిచినట్టా? మీటరు తిరిగిందా?"

"తిరగలా" అని ఒప్పుకునేవాడు. "ఆ అరవై నాలుగూ బాకీ పడినాలే నీకు."

నాయన పోయి చాలాకాలమైంది. ఈ చలికాలం, నేనూ పనికొచ్చి ఉంటున్న ఈ దేశానికే అమ్మను విజిట్ వీసా మీద పిలిపించుకున్నాను. దుకాణం ముందు ఆ పేలుడు విన్నాక వచ్చిన శుక్రవారమే నా కారులో ఇబ్రికి తీసుకుపోయాను. రోడ్డు వెడల్పయింది, బోర్డు కొత్తది, అంకె అదే. అక్కడ ఆపి, "ఇక్కడి నుంచి నేను తోలుకొని పోతాండా, నాయన బాకీ తీరిపోతాది" అన్నాను.

అమ్మ అద్దం దించి ఆ ఇసుకను కాసేపు చూసింది. "ఇది ఆ బండి కాదు, నువ్వు మీ నాయన కాదు. పోనీ, పోదాం. లెక్కలో మాత్రం కలపొద్దు" అంది.

కలపలేదు. అరవై నాలుగు కిలోమీటర్లు.